బొబ్బర్ల సంచిలో మలేరియా: గుంటూరు ప్రాజెక్టు డైరీ

జూన్ ఆఖరి వారం

కట్టాలనుకుంటున్నది పెద్దదేమీ కాదు. మూడు బల్లలు, కొన్ని గుడ్డసంచులు, రెండు కిలోల బొబ్బర్లు, గుప్పెడు రూపాయి బిళ్ళలు. తొమ్మిదో తరగతి పిల్ల ఎవరైనా వచ్చి సంచిలో చెయ్యి పెట్టి గింజలు తీసి లెక్క రాసుకుంటే, ఒక జ్వరం ఒక ఊరి జనం రక్తాన్ని తరాల మీద ఎలా మారుస్తుందో ఆ పిల్లకే కనపడాలి. నేను పక్కన నిలబడి చెప్పకుండా కనపడాలి.

గడువు ఆగస్టు 20. 1897లో ఆ రోజునే సికిందరాబాదు బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అందుకే దాన్ని దోమల దినం అంటారు. మా బ్రాడీపేట దగ్గరి మునిసిపల్ హైస్కూల్లో ఏటా ఆ రోజుకి ఒకటే చార్టు గోడెక్కుతుంది: దోమ బొమ్మ, రాస్ ఫొటో, కింద "నీరు నిలవ ఉంచరాదు". ఈసారి ఆ పని హెచ్‌ఎమ్ గారు నాకు అప్పగించారు. "మేడమ్, మీరు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవారు కదా, ఏదన్నా గ్రాఫు గీసి పెట్టండి చాలు" అన్నారు. గ్రాఫు పెడితే గోడ నిండుతుంది. అంతకుమించి ఏమీ జరగదని ఎన్నో ఏళ్ళ క్లాసులు చెప్పిన అనుభవం.

ఆయన ఇంకో కోరిక కోరారు. "మనవాళ్ళు ఎవరన్నా ఉంటే బాగుంటుందండీ. యల్లాప్రగడ సుబ్బారావు గారి ఫొటో నా దగ్గర ఉంది." సుబ్బారావు గారి హెట్రజాన్ బోదకాలు మందు, మలేరియాది కాదు. ఆయన కోసం ఇంకో ఏడాది వేరే బల్ల కడదాం అన్నాను.

నేను ఎంచుకున్నది జన్యువుల లెక్కలు కట్టిన శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌ని. పుట్టింది 1892లో, ఆక్స్‌ఫర్డులో. "దొరగారా?" అని హెచ్‌ఎమ్ గారు నిరుత్సాహపడ్డారు. కానీ 1964 డిసెంబరు 1న ఆ దొరగారు భువనేశ్వరంలో పోయాక దేహం ఎక్కడికి వెళ్ళిందో చెప్పగానే కుర్చీలో ముందుకు జరిగారు. కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. తన శరీరం వైద్యవిద్యార్థులకు పనికిరావాలని ముందే రాసిపెట్టుకున్నాడు.

జూలై మొదటి వారం

పట్నం బజారులో గింజల వేట. నాకు కావలసింది రెండు రంగులు, ఒకటే సైజు. కందులూ పెసలూ అయితే కళ్ళు మూసుకున్నా వేలికి తేడా తెలిసిపోతుంది. చేతికి తేడా తెలిసిన క్షణాన లెక్కలో యాదృచ్ఛికత పోయినట్టే. తెల్ల బొబ్బర్లు, ఎర్ర బొబ్బర్లు దగ్గరగా ఉన్నాయి అనుకున్నా, కలిపి సంచిలో వేసి తీయిస్తే ఎర్రవి ఒక పిసరు సన్నం. దుకాణం ఆయన "వంటకేనామ్మా?" అని అడిగి, కాదంటే అనుమానంగా చూశారు.

చివరికి తెల్లవే మొత్తం కొని, సగానికి ఎర్ర సిరా పట్టించి నీడన ఆరబెట్టడమని తేల్చాం. సిరా పట్టినవి గరుకుగా ఉండి మళ్ళీ వేలికి దొరికిపోతాయని, దానికి విరుగుడు మా వడ్రంగి మేస్త్రి గారు చెప్పారు: "రంగేసినవాటికీ వెయ్యనివాటికీ అన్నిటికీ ఒకటే వార్నిష్ కొట్టండమ్మా, అప్పుడు అన్నీ ఒకటే జారుడు." ప్రయోగశాలల్లో దీన్ని పెద్ద పేరు పెట్టి నేర్పిస్తారు. ఆయన నోట రెండు ముక్కల్లో వచ్చింది. వార్నిష్ వల్ల పుచ్చు కూడా పట్టదు, చెమట చేతికి సిరా అంటదు.

మొదట ఆయన చెక్కపెట్టెలు చేస్తానన్నారు. నమూనా ఒకటి చూశాక వద్దనుకున్నాం. మూలల్లో గింజలు ఇరుక్కుని అడుగునే ఉండిపోతున్నాయి. మూలలు లేని గుడ్డసంచే మేలు. చెక్కపని బల్లలకే పరిమితం.

జూలై రెండో వారం: మొదటి బల్ల

ఆట నియమాలు ఖాయమయ్యాయి. సంచిలో రెండు వందల గింజలు, అంటే వంద మంది పిల్లలకు సరిపడే జన్యువులు. తెల్ల గింజ మామూలు హిమోగ్లోబిన్ జన్యువు. ఎర్ర గింజ సికిల్ సెల్ జన్యువు. ఆ రెండిటికీ తేడా ఎంతంటే, హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం బదులు వేలిన్ ఉండటం. ఒక్క ఇటుక. దాన్ని 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ పట్టుకున్నాడు.

చూడకుండా రెండు గింజలు తీస్తే ఒక బిడ్డ. రెండూ ఎర్రవైతే ఆ బిడ్డకి జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్న నాళాల్లో అడ్డుపడతాయి, ఆటలో ఆ జత పోయినట్టే. ఒకటి ఎర్ర, ఒకటి తెలుపు అయితే క్యారియర్, అంటే జన్యువుని మోసే బిడ్డ. సాధారణంగా ఏ బాధా ఉండదు, పైగా ప్రాణం తీసే ఫాల్సిపారమ్ మలేరియా నుంచి చాలా వరకు రక్షణ. రెండూ తెల్లవైతే రక్తం మామూలే, కానీ మలేరియాకు అడ్డు లేదు. అలాంటి ప్రతి జతకీ రెండు రూపాయి బిళ్ళలు ఎగరెయ్యాలి. రెండూ బొమ్మ పడితే ఆ బిడ్డ మలేరియాకి పోయినట్టు. నాలుగింట ఒకటి.

నాలుగింట ఒకటి ఎక్కువే. నిజమైన లెక్కల్లో ఈ అంకె చాలాసార్లు తక్కువ. కానీ పదింట ఒకటి పెడితే మార్పు అంత మెల్లగా ఉండి, వంద మంది జనాభాలో కేవలం అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాటలో మునిగిపోతుంది. పిల్లలకి ఓపిక నశిస్తుంది. దోమని కాస్త క్రూరం చేశామని బల్ల మీదే రాయించాను.

పది ఎర్ర గింజలతో మొదలు. మిగిలినవాళ్ళ గింజలు లెక్కపెట్టి, అదే నిష్పత్తిలో మళ్ళీ రెండు వందలు నింపాలి. కాగితం మీద లెక్కయితే మొదటి తరంలో పది పన్నెండవుతుంది, అలా పెరుగుతూ పోయి నలభై దగ్గర ఆగాలి. ఎందుకు నలభై? మలేరియా వల్ల తెల్ల-తెల్ల జతలు పోయే నష్టం పావు వంతు, ఎర్ర-ఎర్ర జతల నష్టం పూర్తిగా ఒకటి. పావుని ఒకటింపావుతో భాగిస్తే అయిదో వంతు. రెండు వందల్లో అయిదో వంతు నలభై. ఇంత పొట్టి లెక్క.

ట్రయల్‌కి మా వీధి పిల్లలే కూర్చున్నారు. ఒక్కో తరానికి తొంభై దాకా తెల్ల జతలు. ఒకడే ఎగరేస్తే సాయంత్రం అయిపోతుంది. అందుకని పది మందికి తలా రెండు బిళ్ళలు ఇచ్చి పంచాం. ఎర్ర గింజలు పెరిగాయి, ఒకసారి తగ్గాయి, మళ్ళీ పెరిగాయి, ముప్పైలు దాటాక అటూ ఇటూ ఊగడం మొదలెట్టాయి. "జబ్బు గింజ కదా, పోవాలిగా, ఎందుకు పెరుగుతోంది?" అని ఎనిమిదో తరగతి కుర్రాడు అడిగాడు. నేను నోరు మెదపలేదు. వాడే కాసేపటికి క్యారియర్ జతల వరస చూపించి, "వీళ్ళెవరూ పోవట్లేదు మేడమ్" అన్నాడు.

జూలై మూడో వారం: హాల్డేన్ పలక

బల్ల వెనక నిలబెట్టే పలక మీద ఏం రాయాలి? హెచ్‌ఎమ్ గారు దండ వేసిన ఫొటో, కింద పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఒక సూక్తి కావాలంటారు. సైంటిస్టులకు మనం చేసే తద్దినం అదే. నేను మాత్రం ఆయన ఏం లెక్కపెట్టాడో అదే రాశాను.

హాల్డేన్‌కి సైన్సులో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డులో చదివింది గణితమూ, ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యాలూ. ఈ ముక్క పెద్ద అక్షరాల్లో పెట్టించాను. 1924 నుంచి పదేళ్ళ పాటు ఆయన వరసగా వ్యాసాలు రాశాడు. ఒక జన్యువుకి ఇంత లాభం ఉంటే ఎన్ని తరాల్లో ఎంత వ్యాపిస్తుంది, నష్టం ఉంటే ఎన్నాళ్ళకి పోతుంది అనే లెక్కలు. ప్రకృతివరణం అంటే కబుర్లు కాదు, కొలవదగినది అని చూపించినవాళ్ళలో ఆయన ఒకడు. ఫిషర్, సీవాల్ రైట్ మిగతా ఇద్దరు.

తరువాత అంటురోగాల దగ్గరికి వచ్చాడు. రక్తహీనత తెచ్చే వంశపారంపర్య జబ్బు తలసీమియా మధ్యధరా తీరంలో అంత ఎక్కువగా ఎందుకుంది అన్నది అప్పటి చిక్కు. జన్యువు అక్కడ పదే పదే కొత్తగా పుడుతోందని కొందరు అన్నారు. అంత వేగంగా మ్యుటేషన్లు జరగవని హాల్డేన్ వాదన. 1948లో స్టాక్‌హోమ్ జన్యుశాస్త్ర మహాసభలో ఆయన ఇంకో దారి చూపించాడు: తలసీమియా క్యారియర్ల చిన్న రక్తకణాలు మలేరియాని తట్టుకుంటాయేమో, ఆ లాభమే ఆ జన్యువుని నిలబెడుతోందేమో. మరుసటి ఏడాది అచ్చయింది. అప్పటికి అది ఊహ మాత్రమే, చేతిలో ఒక్క రక్తపు బొట్టు సాక్ష్యం లేదు. కానీ అంటురోగాలు మనిషి పరిణామాన్ని మలిచిన పెద్ద శక్తి అన్న ఆలోచనకి దారి అక్కడ పడింది.

1957లో కలకత్తా వచ్చి మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. ధోవతీ కుర్తాల్లోకి మారాడు, మాంసం మానేశాడు, 1961లో భారత పౌరుడయ్యాడు. ఖరీదైన యంత్రాలు లేని దేశంలో ఏం పరిశోధన చెయ్యాలంటే, లెక్కపెట్టండి అన్నాడు. ఆయన దగ్గర ఒకాయన పారిజాతం పువ్వులకి రేకులు లెక్కపెట్టాడు. ఇంకొకాయన లాంటానా పొదల దగ్గర ఏ రంగు పువ్వు మీద ఏ సీతాకోకచిలుక వాలుతోందో లెక్కపెట్టాడు.

ఆ రెండో ఆయన పిఠాపురం వారు, ద్రోణంరాజు కృష్ణ గారు. హెచ్‌ఎమ్ గారి కోరిక అలా తీరింది. ద్రోణంరాజు, మీరాఖాన్ గార్లు కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత మేర ఉన్నాయి, పిల్లల మీద ప్రభావం ఏమిటి అని సర్వే చేశారు. ఆ వ్యాసం 1963లో జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌లో వచ్చింది. ఆ పత్రికకి సంపాదకుడు హాల్డేనే, ఇంగ్లండు నుంచి వెంట తెచ్చుకున్నాడు.

ఫొటో ఒకటి చిన్నది పెట్టాను. దండ లేదు.

జూలై ఆఖరు: రెండో బల్ల, 290 మంది పిల్లలు

హాల్డేన్ ఊహించాడు సరే, తేల్చిందెవరు? ఆంథొనీ ఆలిసన్. కెన్యాలో పెరిగిన డాక్టరు. 1949లో ఒక యాత్రలో రక్తనమూనాలు తీస్తూ, సముద్రతీరంలోనూ విక్టోరియా సరస్సు చుట్టూ సికిల్ జన్యువు ఎక్కువ, చల్లటి ఎత్తు ప్రాంతాల్లో తక్కువ అని గమనించాడు. మలేరియా పటం కూడా అంతే. తరువాత ఉగాండాలో కంపాలా దగ్గరి పిల్లల రక్తం చూశాడు. 1954లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వేసిన అంకెలు ఇవి: మొత్తం 290 మంది. సికిల్ జన్యువు ఉన్నవాళ్ళు 43, అందులో రక్తంలో మలేరియా పరాన్నజీవి కనపడింది 12 మందికి. లేనివాళ్ళు 247, అందులో పరాన్నజీవి 113 మందికి. అంటే ఒకవైపు 28 శాతం, ఇంకోవైపు 46 శాతం.

తేడా నిజమా, కాకతాళీయమా? నేను క్లాసులో అయితే కై-స్క్వేర్ అనే పరీక్ష వేయించేదాన్ని. వేస్తే 4.75 వస్తుంది, హద్దు 3.84, అది దాటితే కాకతాళీయమని సులభంగా కొట్టిపారెయ్యలేం. తొమ్మిదో తరగతికి ఇది మంత్రం. అందుకే రెండో సంచి. 290 గింజలు, అందులో 125 నల్లవి. ఇక్కడ ఎరుపు వాడితే మొదటి బల్ల ఎరుపుతో అర్థం తారుమారవుతుందని వీటికి నల్ల సిరా వేశాను. నల్లగింజ అంటే పరాన్నజీవి ఉన్న బిడ్డ. సికిల్ జన్యువుతో మలేరియాకి ఏ సంబంధమూ లేకపోతే, కళ్ళు మూసుకుని 43 గింజలు తీసినా ఒకటే కదా. తీయండి, నల్లవి ఎన్నొచ్చాయో పలక మీద చుక్క పెట్టండి. పద్దెనిమిది, పంతొమ్మిది చుట్టూ చుక్కలు గుమిగూడతాయి. పన్నెండు గీత ఎర్రగా గీసి ఉంచాను. సిద్ధాంతం ప్రకారం ఆ గీత మీదా దాని దిగువా చుక్క పడేది వందలో రెండుసార్లు. మా జువాలజీ మాస్టారు ఒక సాయంత్రమంతా కూర్చుని తీశారు. పదిహేను దిగువకి రావడమే గగనమైంది. "ఇన్నేళ్ళూ పుస్తకంలో ఉన్న వాక్యం చదివి చెప్పాను, ఇప్పుడు నమ్మాను" అన్నారు.

ఆలిసన్ చేసిన ఇంకో పని పలక మీద రాయాలా వద్దా అని మాస్టారితో వాదన జరిగింది. లువో జాతి వయోజనులు కొందరు స్వచ్ఛందంగా ఒప్పుకుంటే వాళ్ళకి మలేరియా ఎక్కించి చూశాడు. సికిల్ జన్యువు లేని 15 మందిలో 14 మందికి వచ్చింది, ఉన్న 15 మందిలో ఇద్దరికి. సాక్ష్యంగా దీన్ని మించింది లేదు. ఈ రోజుల్లో ఏ ఎథిక్స్ కమిటీ దీనికి సంతకం పెట్టదు, పెట్టకూడదు కూడా. పిల్లలకి చెడు పాఠమని మాస్టారు. దాస్తే అంతకన్నా చెడ్డదని నేను. చివరికి రాశాం, ఇప్పుడైతే ఒప్పుకోరని కూడా రాశాం. సికిందరాబాదులో రాస్ కూడా తన రోగిని కుట్టిన ప్రతి దోమకీ ఒక అణా లెక్కన ఇచ్చాడు. అణా తీసుకున్న ఆ మనిషి పేరు హుసేన్ ఖాన్, ఆ పేరు కూడా పలక మీద ఉంది.

ఆగస్టు మొదటి వారం: చిన్న సంచి

మూడో బల్ల తేలిక. ఇరవై గింజలు, పది ఎర్ర, పది తెలుపు. దోమ లేదు, జబ్బు లేదు, ఎవరూ చావరు. ఒక గింజ తీసి రంగు రాసుకుని మళ్ళీ సంచిలో వెయ్యాలి. ఇరవైసార్లు తీస్తే వచ్చిన రంగుల లెక్కే తరువాతి తరం, ఆ లెక్కకే సంచి మళ్ళీ నింపాలి. ఓపికగా తరాల తరబడి ఆడితే, ఏ కారణం లేకుండానే ఒక సంచి మొత్తం ఎర్రబడుతుంది, పక్క సంచి మొత్తం తెల్లబడుతుంది. చిన్న గుంపులో అదృష్టమే రాజు.

మన దేశానికి ఈ బల్ల చాలా అవసరం. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్ గార్లు, అమెరికా నుంచి డేవిడ్ రైక్ బృందం కలిసి నేచర్ పత్రికలో చూపించింది ఇదే. ఇక్కడ చాలా కులాలు, తెగలు కొద్దిమందితో మొదలై, తరాల తరబడి లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. ఊళ్ళో లక్షల మంది ఉన్నా సంచి చిన్నదే.

ఉదాహరణ మా ఆడపడుచు కొడుకు ఇచ్చాడు, మత్తు డాక్టరు. "అత్తయ్యా, ఆపరేషన్ ముందు కండరాలు వదులు కావడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తాం. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. కొందరికి దాన్ని విరిచే ఎంజైము ఉండదు. గంటల తరబడి ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాలి. వైశ్యుల్లో ఇది మిగతావాళ్ళకన్నా ఎక్కువ, అందుకే ముందే అడుగుతాం" అన్నాడు. ఆ 2009 పరిశోధనలోనూ వైశ్యుల పేరుంది: వంద తరాలకు పైగా కిందట ఒక చిన్న గుంపుగా మొదలై, ఆ తరువాత బయటి కలయిక చాలా తక్కువ. బల్ల మీద కులం పేరు రాయలేదు. హైస్కూలు పిల్లలు దాన్ని వెక్కిరింతకు వాడేస్తారు. "కొన్ని సముదాయాల్లో" అని రాసి ఊరుకున్నాను. పిరికితనమని మా అబ్బాయి అన్నాడు. అననీ.

అదే వారం: అనుకోని నాలుగో బల్ల

పక్కింటి పిన్నిగారు వరండాలో ఈ సరంజామా చూసి, ద్రోణంరాజు గారి పలక చదివి అడిగారు: "ఏమ్మాయ్, మేనరికం మేనరికం అంటారుగా, మేనమామ కూతురుకీ మేనత్త కూతురుకీ తేడా ఏమన్నా ఉంటుందా?"

ఇంత మంచి ప్రశ్న నన్ను కాలేజీలో ఎవరూ అడగలేదు. చాలా జన్యువుల విషయంలో తేడా లేదు. మేనమామ కూతుర్ని చేసుకున్నా, మేనత్త కూతుర్ని చేసుకున్నా, పుట్టే బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే ముత్తాత లేదా ముత్తవ్వ ప్రతి నుంచి వచ్చే అవకాశం పదహారింట ఒకటి. అక్క కూతుర్ని చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. కానీ ఎక్స్ క్రోమోజోము మీది జన్యువులకి కథ వేరు. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు, మగవాళ్ళకి తల్లి నుంచి వచ్చేది ఒకటే.

మేస్త్రి గారి చేత ప్లైవుడ్ ముక్క మీద మేకులు కొట్టించాను, వంశవృక్షంలా. పెళ్ళికొడుకు అమ్మమ్మ మేకుకి రెండు రంగుల దారాలు. మేనమామకి తల్లి ఎక్స్ ఒకటే దారం, అది మొత్తంగా కూతురికి దిగుతుంది. పెళ్ళికొడుకు ఎక్స్ కూడా తన తల్లి ద్వారా అదే అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చు. వాళ్ళకి ఆడపిల్ల పుడితే రెండు దారాలూ ఒకే మేకుకి, ఒకే రంగుకి చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇక మేనత్త కూతురు. పెళ్ళికొడుకు ఎక్స్ తల్లి దగ్గర్నుంచే వస్తుంది. తండ్రి వైపు దారం అతన్ని చేరనే చేరదు. అవకాశం సున్నా.

పిన్నిగారు దారాలు వేలితో పట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ వెళ్ళారు. "అయితే మేనత్త కూతురైతే మంచిదంటావా?" అన్నారు. ఎక్స్ మీద ఉన్నవి కొన్నే, మిగతా అన్నిటికీ ఇద్దరూ సమానమేనండీ అన్నాను. "అంటే ఏదీ వద్దంటావు" అని నవ్వి వెళ్ళిపోయారు. ఆవిడది మేనరికమే, మేనమామ కొడుకు. పిల్లలు ముగ్గురూ దుక్కల్లా ఉన్నారు. పదహారింట ఒకటి అంటే పదిహేను సార్లు కాదనే కదా.

ఆగస్టు రెండో వారం

మొదటి బల్ల నియమం ఒకటి మార్చాల్సి వచ్చింది. స్కూల్లో ట్రయల్ వేస్తే ఎర్ర-ఎర్ర జత వచ్చినప్పుడల్లా పిల్లలు "ఔట్!" అని అరిచి గింజల్ని చెత్తబుట్టలోకి విసురుతున్నారు. జువాలజీ మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఆ జబ్బుతో బతుకుతున్న పిల్ల ఎవరన్నా ఈ గదిలో ఉంటే?" అన్నారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది. నీలగిరుల్లో దాన్ని 1952లోనే గుర్తించారు. 2023లో కేంద్రం దీని నిర్మూలనకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది, గడువు 2047. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి రక్తపరీక్షలు. హైడ్రాక్సీయూరియా మందు, టీకాలు, వేళకి వైద్యం ఉంటే ఈ జబ్బుతో పెద్దవాళ్ళయి పిల్లల్ని కంటున్నవాళ్ళు ఉన్నారు.

కాబట్టి చెత్తబుట్ట పోయింది. ఎర్ర-ఎర్ర జతలకి ప్రత్యేకంగా ఒక పళ్ళెం, దాని మీద "మందులు లేని కాలంలో". రెండో ఆట ఆడదలిస్తే ఆ పళ్ళెంలోవి మళ్ళీ సంచిలోకి తెచ్చుకోవచ్చు. అప్పుడు లెక్క ఎలా మారుతుందో చూడటం పెద్ద క్లాసు పిల్లలకి వదిలేశాం.

ఇంకో ఆట కూడా చేర్చాం: దోమని తీసేస్తే? నలభై ఎర్ర గింజలతో మొదలుపెట్టి, బిళ్ళలు ఎగరెయ్యడం మానేసి, ఎర్ర-ఎర్ర జతలు మాత్రం పళ్ళెంలోకి. ఎర్ర గింజలు త్వరగా మాయమవుతాయని అందరూ పందెం కాస్తారు. కావు. నలభై ఇరవై కావడానికి లెక్క ప్రకారం అయిదు తరాలు. ఇరవై పది కావడానికి పది. పది అయిదు కావడానికి ఇరవై. తగ్గేకొద్దీ ఎర్ర గింజకి తోడు ఎర్ర గింజ దొరకదు, తెల్లదాని పక్కన దాక్కుని దాటిపోతుంది. తరానికి పాతికేళ్ళు వేసుకుంటే ఆఖరి మెట్టొక్కటే అయిదు వందల ఏళ్ళు. మలేరియా పోయినా దాని గుర్తు రక్తంలో అన్నాళ్ళుంటుంది. హాల్డేన్ 1924లో మొదలుపెట్టిన పట్టికలు ఇలాంటివే.

ఆగస్టు 20

హాలు నిండా గోల. మొదటి బల్ల దగ్గర వరస కట్టారు, రెండో బల్ల దగ్గర తక్కువ, దారాల బల్ల దగ్గర పిల్లలకన్నా తల్లులు ఎక్కువ. మూడో బల్లని ఏడో తరగతివాళ్ళు క్రికెట్ బెట్టింగులా మార్చేశారు, ఏ సంచి ఎర్రబడుతుందని. అదృష్టం గురించి అంతకన్నా సరైన అవగాహన ఉండదని నేను అడ్డు చెప్పలేదు.

రెండో బల్ల పలక మీద చుక్కల గుట్ట పెరుగుతూ పోయింది. సాయంత్రానికి పంతొమ్మిది దగ్గర శిఖరం, రెండు వైపులా వాలు. పన్నెండు గీత మీద ఒంటరిగా ఒక చుక్క. ఆ చుక్క పెట్టిన అమ్మాయి తనది తప్పేమో అని రబ్బరుతో చెరపబోతే మాస్టారు ఆపారు. అది కూడా లెక్కలోదే, ఉంచు అన్నారు.

హెచ్‌ఎమ్ గారు రాస్ బొమ్మ లేదేమని అడిగారు. పక్కగోడ మీద పాత చార్టు అలాగే ఉంది కదా అన్నాను. దాని కింద ఒక కాగితం మాత్రం అంటించాను: దోమలన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు మలేరియా దానంతట అదే తగ్గిపోతుందని రాస్ గణితంతో చూపించాడు. నోబెల్ వచ్చింది 1902లో దోమ పనికి. ఈ లెక్కలు ఆ తరువాతవి. ఆయన తన గణితాన్నే గొప్పగా చూసుకున్నాడు, మనం చార్టులో ఎప్పుడూ రాయం.

ఆగస్టు నెలాఖరు

బల్లలు తెనాలిలో ఒక స్కూలుకి వెళ్తున్నాయి. పంపేముందు పనులు: నల్ల గింజలు కొన్నిటికి వార్నిష్ రాలింది, మళ్ళీ కొట్టాలి. దారాల బల్లకి అక్క కూతురు వరస మేకులు కలపాలి, అందరూ అదే అడిగారు. మొదటి బల్లకి నియమాల కాగితం పెద్దక్షరాల్లో ఇంకోటి. గింజలు వండుకోవద్దని సంచి మీద రాయించాను, వార్నిష్ ఉందని. రూపాయి బిళ్ళలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలని పెట్టె మూత మీద రాశాను. ఇక్కడ పెట్టినవి ఇరవయ్యో తారీఖు సాయంత్రానికే పిల్లల జేబుల్లోకి చేరాయి.